రెండు గుంఠల స్థలమా, ఊళ్లో ఫ్లాటా?

ప్రశ్న: మేం బరంపురంలో ఉంటాం. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నేను స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ కలిపి నెలకు 62 వేలు చేతికొస్తాయి. ఇంటి అద్దె 8,500. ఇన్నేళ్లలో కూడబెట్టింది 11 లక్షలు. ఊరి బయట, హైవే దాటాక 2 గుంఠల స్థలం 18 లక్షలకు ఉందని ఒక బ్రోకరు చెబుతున్నాడు. అక్కడే ఒక పెద్ద వ్యాపారి 5 ఎకరాలు కొన్నారట. హైదరాబాదులో ఉండే మా బావగారు, "డబ్బున్నవాళ్లు కొన్నచోటే మనమూ కొనాలి, భూమి ధర ఎప్పుడూ పడదు" అంటున్నారు. మావారికేమో ఊళ్లో 38 లక్షల ఫ్లాటు మీద మనసుంది. అద్దెకిస్తే 11 వేలు వస్తుందట. అసలు పెద్ద పెట్టుబడిదారులు ఏం చూసి కొంటారు? అందులో మాలాంటివాళ్లకు పనికొచ్చేది ఏమిటి?
— ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ముందు ఆ 5 ఎకరాల సంగతి చూద్దాం. ఆ మాట నిజమే, మీకు చూపిస్తున్న స్థలం అందులోదే అనుకున్నా, ఆయన కొన్నది ఎకరాల లెక్కన, మీకు అమ్ముతున్నది గుంఠల లెక్కన. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలు. 2 గుంఠలు 18 లక్షలంటే గుంఠ 9 లక్షలు, ఎకరం 2 కోట్ల 25 లక్షలు. ఆయన ఎకరం 80 లక్షలకు కొన్నాడనుకోండి. రోడ్లకూ కాలువలకూ 35 శాతం పోయినా పదహారుంబావు గుంఠలు మిగులుతాయి. గుంఠ 9 లక్షల చొప్పున అది 1 కోటి 46 లక్షలు. అంటే ఆ స్థలంలో ఉన్న లాభం మీ దాకా వచ్చేలోపే ఆయన జేబులోకి వెళ్లిపోయింది. ఆయన దిగుతున్న మెట్టు మీద మీరు ఎక్కబోతున్నారు. కాబట్టి బ్రోకరు "ఫలానా ఆయన కూడా కొన్నారు" అన్నప్పుడు అడగాల్సినవి రెండే ప్రశ్నలు: ఏ సంవత్సరంలో కొన్నారు, ఎకరం ఎంతకు కొన్నారు? జవాబు బ్రోకరు నోటి నుంచి అక్కర్లేదు. ఆ మౌజాలో (రెవెన్యూ గ్రామంలో) ఈమధ్య రిజిస్టరైన రెండు మూడు సేల్ డీడ్ల నకళ్లు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తీయించండి. కాగితం మీద ధర కొంత తగ్గించి రాసి ఉండొచ్చు. అయినా ఎంత భూమి, ఎప్పుడు, ఎవరి నుంచి ఎవరికి అన్నది తెలుస్తుంది.

ఇంకో చిన్న మాట. ఫోనులో మీ బావగారు లెక్కవేసే గుంట, మీ గుంఠ ఒకటి కావు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 1,089 చదరపుటడుగులు. ఒడిశా గుంఠ 4 డెసిమల్సు, అంటే సుమారు 1,742 చదరపుటడుగులు. మీకు చూపిస్తున్న 2 గుంఠలు సుమారు 387 గజాలు. ఆయన మనసులో మాత్రం 242 గజాలే ఉండొచ్చు. అటూ ఇటూ బంధువులున్న ఇళ్లలో ఈ తికమక మామూలే. బేరం ఎప్పుడూ డెసిమల్లోనే ఆడండి. మీ డెసిమల్, ఆంధ్రా సెంటు రెండూ ఒకటే, 435.6 చదరపుటడుగులు.

ఇక పెద్దలు ఏం చూస్తారన్నది. వారెన్ బఫెట్ 1986లో అమెరికాలోని నెబ్రాస్కాలో 400 ఎకరాల పొలం 2 లక్షల 80 వేల డాలర్లకు కొన్నాడు. వ్యవసాయం ఆయనకు రాదు. ఆ పని ఇష్టపడే కొడుకును అడిగి మొక్కజొన్న, సోయా దిగుబడి ఎంత, ఖర్చులెంత అని తెలుసుకుని, ఏటా సుమారు 10 శాతం మిగులుతుందని లెక్క తేల్చుకున్నాడు. అప్పటికి అక్కడి పొలాల ధరలు విపరీతంగా పెరిగి కుప్పకూలాయి, అప్పులిచ్చిన బ్యాంకులు మునిగాయి. 1993లో న్యూయార్క్ యూనివర్సిటీ పక్కన దుకాణాల భవనంలో వాటా కొన్నప్పుడూ అదే తీరు. అందులో అన్నిటికంటే పెద్ద అద్దెదారు అడుగుకు 5 డాలర్లే కడుతున్నాడు, మిగతావాళ్లు సగటున 70 కడుతున్నారు. ఆ పాత ఒప్పందం 9 ఏళ్లలో ముగుస్తుందని ఆయనకు కొనేముందే తెలుసు. రెండుచోట్లా ఆయన అడిగింది "ఇది ఏడాదికి ఎంత ఇస్తుంది" అని. వచ్చే ఏడాది ధర ఎంతవుతుందన్న ప్రశ్న ఆయన లెక్కలోనే లేదు. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ అంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే ఉంది.

ఆ మొదటి ప్రశ్నే మీ ఫ్లాటును అడుగుదాం. అద్దె 11 వేలంటే ఏడాదికి 1 లక్షా 32 వేలు. అద్దెదారు మారేటప్పుడు ఒక నెల ఖాళీ పోతుంది, మిగిలేది 1 లక్షా 21 వేలు. మెయింటెనెన్సు నెలకు 1,500 చొప్పున 18 వేలు. హోల్డింగ్ ట్యాక్సు (ఇంటి పన్ను), చిన్నాచితకా రిపేర్లు కలిపి 8 వేలు వేసుకోండి. చేతికి వచ్చేది 95 వేలు. పెట్టిందేమో 38 లక్షలు, పైన రిజిస్ట్రేషను. ఒడిశాలో ఆడవాళ్ల పేరున అయితే స్టాంపు డ్యూటీ 4 శాతం, మగవాళ్లకు 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. మీ పేరున కొన్నా 2 లక్షల 28 వేలు అవుతుంది. మొత్తం 40 లక్షల 28 వేల మీద 95 వేలంటే రెండుంబావు శాతం పైచిలుకు. ఇంటి అప్పు మీద వడ్డీ 8.5 శాతం అనుకుందాం. అద్దెకిచ్చి లాభం తీసే మాట అక్కడితో తీరిపోయింది. మీరే కాపురం ఉంటే లెక్క వేరు, దానికి మళ్లీ వద్దాం.

స్థలం సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే దానికి అద్దె అన్నదే లేదు. మీ పేరున కొంటే 18 లక్షలకు రిజిస్ట్రేషను 1 లక్షా 8 వేలు, మొత్తం 19 లక్షల 8 వేలు. మీ 11 లక్షలు పోను 8 లక్షల చిల్లర అప్పు చేయాలి. ఆ 11 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్లో 6.5 శాతానికి ఉన్నా ఏడాదికి 71,500 వస్తుంది, అది ఆగిపోతుంది. 8 లక్షల అప్పు మీద 10 శాతం వేసుకుంటే మొదటి ఏడాది వడ్డీ 80 వేల దగ్గర. రెండూ కలిపి లక్షన్నర. అంటే స్థలం ధర ఏటా సుమారు 8 శాతం పెరిగితే మీరు ఉన్నచోట ఉన్నట్టు. అంతకు మించి పెరిగితేనే లాభం. ఇంటి అద్దె 8,500 ఎలాగూ కడుతూనే ఉంటారు. "భూమి ధర పడదు" అనేవాళ్లు ఈ లక్షన్నర సంగతి ఎత్తరు. ఐదేళ్లు ధర కదలకపోతే కాగితం మీద ఏమీ పడనట్టే ఉంటుంది గానీ మీ జేబులోంచి ఏడున్నర లక్షలు పోతాయి.

డబ్బున్నవాడికి ఇది పట్టదు. పది చోట్ల కొన్నవాడు రెండు చోట్ల దెబ్బ తిన్నా నిలబడతాడు. పదిహేనేళ్లు పైసా రాకపోయినా ఆగగలడు. మీకు ఉన్నది ఒక్క కొనుగోలు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఆయన ధైర్యాన్ని అనుకరించకూడదు. అప్పు విషయంలో మరీ జాగ్రత్త, అందులో పులులే పడ్డాయి. లండన్‌లో కెనరీ వార్ఫ్ కట్టిన ఒలింపియా అండ్ యార్క్ సంస్థ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద స్థిరాస్తి సంస్థల్లో ఒకటి. భవనాలు ఖాళీగా ఉండి, అప్పుల గడువులు దగ్గరపడి, 1992లో దివాలా తీసింది. అలాగే "రింగ్ రోడ్డు వస్తుంది, ఫ్యాక్టరీ వస్తుంది" అన్న మాట మీద ధర కట్టడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న బాపతే. రోడ్డుకు భూసేకరణ నోటిఫికేషను వచ్చిందా, మీ ప్లాటు నంబరు అందులోనే ఉందా అన్నది మాత్రం చూడాలి. ఉంటే రోడ్డు మీ స్థలం పక్కన కాదు, మీ స్థలంలోనే వస్తుంది.

వాళ్ల నుంచి తప్పకుండా తీసుకోవాల్సింది ఓపిక, కాగితాల మీద పట్టు. అమ్మేవాడు చూపించిన లాయరును వాళ్లు దగ్గరికి రానివ్వరు. ధర మాట్లాడే మనిషి వేరు, కాగితాలు చూసే మనిషి వేరు, ఇద్దరికీ ఒకరితో ఒకరికి సంబంధం ఉండదు. మీరూ అంతే చేయండి. లాయరు ఫీజు కొన్ని వేలలో పోతుంది, స్థలం లక్షల్లో ఉంది. కాగితాల సంగతి కొంచెం వివరంగానే చెప్పాలి, దెబ్బలన్నీ అక్కడే తగులుతాయి కాబట్టి.

ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో జిల్లా, తహసీలు, మౌజా ఎంచుకుని ఖాతా నంబరుతో గానీ ప్లాటు నంబరుతో గానీ పట్టా తెరవండి. నాలుగు చూడాలి. మొదటిది రైతు పేరు, అంటే రికార్డులో ఉన్న హక్కుదారు. అక్కడ ముగ్గురు అన్నదమ్ముల పేర్లుండి మీకు ఒక్కడే అమ్ముతున్నాడంటే, పంపకం కాగితం లేకుండా అతను అమ్మగలిగింది తన వాటా హక్కునే. "ఈ మూల నాది" అనడానికి లేదు. అక్కచెల్లెళ్ల సంగతీ అడగండి. 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ సమాన హక్కు ఉంది. రెండోది స్వత్వం, అంటే హక్కు ఏ రకం అన్నది. స్థితిబాన్ అని ఉంటే సొంత రైతు హక్కు. గోచర, రక్షిత, సర్వసాధారణ లాంటి మాట ఏది కనిపించినా అది ప్రభుత్వ భూమి, అక్కడితో లేచి వచ్చేయండి. మూడోది కిసమ్, అంటే నేల రకం. ఘరబారి అంటే ఇల్లు కట్టుకునే నేల. శారద అంటే వరి మడి. మడిని ఇళ్లస్థలంగా మార్చడానికి ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీలులో దరఖాస్తు పెట్టి రుసుము కట్టాలి. "కొన్నాక మీరే చేయించుకోండి" అంటే ఆ ఖర్చూ ఆ తిప్పలూ మీ నెత్తినే. కన్వర్షన్ అమ్మేవాడే చేయించి ఇవ్వాలని బేరంలో పెట్టండి. నాలుగోది మంతవ్య గడి, అంటే రిమార్కుల గడి. కేసు నంబర్లు, పాత ఆర్డర్లు ఏమైనా అందులోనే రాస్తారు. చాలామంది పైనుంచి చూసి వదిలేసేది దాన్నే. స్క్రీన్ మీద చూసింది చాలదు, తహసీలు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఖజణా (భూమి శిస్తు) రసీదు ఈ ఏడాదిదాకా ఉందో లేదో ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఆఫీసులో కనుక్కోండి.

తర్వాత ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా. 30 ఏళ్లకు తీయించండి. ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు, నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండవు. అందుకే ఆ వీధిలో పక్క స్థలాలవాళ్లతో ఒక సాయంత్రం మాట్లాడటం ఈసీ అంత పని చేస్తుంది. ఆపైన అమీన్‌ను (భూమి కొలిచే సర్వేయరును) పెట్టి కొలిపించండి. భూనక్షాలో (రెవెన్యూ పటంలో) ఉన్న హద్దు, నేల మీద రాయి ఒకటేనా అన్నది, ముఖ్యంగా దారి సంగతి, ఆయనే తేల్చాలి. బ్రోకరు చూపించే లేఔటు బొమ్మలో 20 అడుగుల రోడ్డు గీసి ఉంటుంది. రెవెన్యూ నక్షాలో అది ఎవరిదో ప్లాటు అయి ఉంటే రేపు ఆయన కంచె వేస్తాడు. దారి వెడల్పు చాలకపోతే బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీలో ఇంటి ప్లాను పాసవదు. లేఔటుకు ఆ సంస్థ అనుమతి ఉందా అన్నదీ అక్కడే అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్ముతుంటే రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) రిజిస్టరు చేయాలి. 5 ఎకరాలంటే 20 వేల చదరపు మీటర్ల పైనే. కాబట్టి మీ స్థలం అందులోదే అయితే ఒడిశా రెరా సైటులో ఆ ప్రాజెక్టు పేరు కనిపించాలి. కనిపించకపోతే మీ సందేహం తీరినట్టే.

అమ్మేవాళ్లు ఎస్సీ, ఎస్టీ కుటుంబమైతే, వేరే వర్గంవాళ్లు కొనాలంటే సబ్‌కలెక్టరు రాతపూర్వక అనుమతి ఉండాలి. లేకపోతే ఆ అమ్మకం చెల్లదు. రాయగడ, జయపురం వైపు నుంచి ఇదే ప్రశ్న వేసేవాళ్లకు ఇంకా గట్టిగా చెప్పాలి: పాత కొరాపుట్ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతం. 1956 నాటి రెగ్యులేషనుకు 2002లో వచ్చిన సవరణతో అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడం పూర్తిగా ఆగిపోయింది. మధ్యలో ఎవరి పేరునో పెట్టి "ఏం కాదు" అనేవాళ్లు చాలామందే ఉంటారు. కేసు పడితే భూమి వెనక్కి పోతుంది, డబ్బు రాదు.

మన ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. తెలుగులో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా రికార్డుల్లో వెనక వస్తుంది. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, తాతగారి పట్టాలో మరోలా. అమ్మేవాడి పేరైనా మీ పేరైనా ఇలా తేడా ఉంటే రిజిస్ట్రేషనుకు ముందే అఫిడవిట్‌తో సరిచేయించుకోవాలి. దస్తావేజు ఒడియాలో ఉంటుంది. మాట్లాడటం వచ్చినా చదవడం అంతగా రానివాళ్లు చాలామంది. సంతకానికి ముందు రోజే డ్రాఫ్టు తెప్పించుకుని, ఒడియా బాగా వచ్చిన మీ మనిషితో చదివించుకోండి. ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు అక్షరం అక్షరం సరిచూడండి. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి కొన్ని ఇళ్లలో తెలుగు దస్తావేజులు కూడా ఉంటాయి. అవి చూపించి "ఇదిగో హక్కు" అంటే సరిపోదు, ఆ నాటి నుంచి ఇప్పటి పట్టాదాకా గొలుసు తెగకుండా ఉండాలి.

డబ్బు ఇచ్చే దగ్గర రెండు హెచ్చరికలు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. బయానా కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. "టైటిల్లో లోపం తేలితే మొత్తం వాపసు" అన్న వాక్యం ఉన్న అగ్రిమెంటు మీద సంతకం అయ్యాకే ఇవ్వండి. రెరా ప్రాజెక్టులో అయితే రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతం కంటే ఎక్కువ అడిగే హక్కు బిల్డరుకు లేదు. రెండోది, బెంచ్‌మార్క్ విలువకు (రిజిస్ట్రేషను కోసం ప్రభుత్వం కట్టిన విలువకు) బాగా దిగువన ధర రాయిస్తే, ఆ తేడా 50 వేలనూ 10 శాతాన్నీ దాటితే, అది కొన్నవాళ్ల ఆదాయంగా లెక్కకొస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. మా ఉద్దేశం ఆ స్థలమూ వద్దు, ఆ 38 లక్షల ఫ్లాటూ వద్దు. ఫ్లాటుకు 30 లక్షల అప్పు తీసుకుంటే 8.5 శాతం చొప్పున 20 ఏళ్లకు ఈఎంఐ 26 వేల పైన. అది మీ ఆదాయంలో 42 శాతం. డౌన్ పేమెంటు 8 లక్షలు, రిజిస్ట్రేషను 2 లక్షల 28 వేలు పోతే చేతిలో మిగిలేది 72 వేలు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం రెండు నెలలు ఆగితే ఇల్లు కదులుతుంది. దానికి బదులు 31 లక్షల లోపు పాత ఫ్లాటు గానీ చిన్న ఇల్లు గానీ వెతకండి. 24 లక్షల అప్పు, ఈఎంఐ సుమారు 20,800. ఇప్పుడు కడుతున్న అద్దె 8,500 ఆగుతుంది కాబట్టి కొత్తగా పడే బరువు 12,300. డౌన్ పేమెంటు 7 లక్షలు, రిజిస్ట్రేషను 1 లక్షా 86 వేలు పోను 2 లక్షలకు పైగా మిగులుతుంది. అందులో లక్షా పాతిక వేలు ఆరు నెలల ఈఎంఐ కింద ముట్టుకోకండి, మిగిలింది రిపేర్లకు. ఏటా ఒక ఈఎంఐ అదనంగా కట్టగలిగితే 20 ఏళ్ల అప్పు పదహారున్నర ఏళ్లలో తీరుతుంది. ఫ్లోటింగ్ వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) ఇంటి అప్పులకు ముందే కట్టినందుకు జరిమానా లేదు. వెతకడానికి బయల్దేరే ముందే బ్యాంకు నుంచి శాంక్షన్ లెటరు (అప్పు మంజూరు పత్రం) తీసుకోండి. "డబ్బు సిద్ధం, నెలలో రిజిస్ట్రేషను" అనగలిగిన మనిషికి, అవసరంలో ఉన్న అమ్మకందారు ధర దించుతాడు. పెద్దవాళ్ల బేరానికి ఉన్న బలం చాలావరకు ఇదే.

పాత ఫ్లాటు చూసేటప్పుడు అడుగులు కార్పెట్ ఏరియాలో, అంటే గోడల లోపల వాడుకునే నేల లెక్కన అడగండి. సూపర్ బిల్టప్ 1,100 అన్నది లోపల టేపు పెడితే 800 తేలొచ్చు. ధరను ఆ 800తో భాగించి పక్క ఫ్లాట్లతో పోల్చండి. గోపాలపురం సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పు గాలికి కడ్డీలు తుప్పు పట్టడం ఇక్కడ మామూలు. శ్లాబు అడుగున, బాల్కనీ అంచుల్లో పొడుగ్గా పగుళ్లుండి ఎర్రటి మరక దిగుతుంటే లోపల కడ్డీ ఉబ్బిందన్నమాట, పైపూత సిమెంటుతో అది పోదు. ఇంజినీరును ఒకసారి తీసుకెళ్లండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురం ఉండటానికి అనుమతి పత్రం) ఉందా, ఫ్లాటు యజమానుల సంఘం రిజిస్టరైందా, నేలలో వాటా దస్తావేజులో ఎలా రాశారు, ఈ అమ్మేవాళ్ల మెయింటెనెన్సు బాకీ ఎంత అన్నవి లాయరు అడగాలి. చూడటానికి కనీసం మూడుసార్లు వెళ్లండి. అందులో ఒకటి పెద్ద వాన పడ్డ మర్నాడు ఉండాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు ఇక్కడ నీళ్లు ఎంతవరకు నిలిచాయని కింది అంతస్తువాళ్లను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు.

ఇదంతా చదివాక కూడా స్థలమే కావాలనిపిస్తే, కనీసం దాని పల్లం లెక్కవేయండి. 2 గుంఠలను రెండడుగులు ఎత్తు లేపడానికి సుమారు 7,000 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరు ట్రిప్పు 100 ఘనపుటడుగులు అనుకున్నా 70 ట్రిప్పులు, కుదించుకుపోయేది కలిపితే 85 నుంచి 90. ట్రిప్పు రేటు మీ వీధిలోనే కనుక్కుని ఆ మొత్తాన్ని 18 లక్షల్లోంచి తగ్గించి బేరం మొదలుపెట్టండి.

ఏది కొన్నా, రిజిస్ట్రేషనుతో పని అయిపోయిందనుకోకండి. స్థలమైతే తహసీలులో దాఖల్ ఖారజ్ (రికార్డులో పేరు మార్పిడి) జరిగి కొత్త పట్టా మీ పేరున రావాలి. ఫ్లాటయితే మున్సిపల్ కార్పొరేషన్లో హోల్డింగ్, కరెంటు మీటరు మీ పేరుకు మారాలి. కొత్త కాగితం చేతికి రాగానే పేరు, ఇంటిపేరు, నంబరు, విస్తీర్ణం దస్తావేజుతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ వారంలోనే దరఖాస్తు పెట్టండి.